ఆ మాట ఎవరితో అన్నారు? బౌద్ధ, ఆధ్యాత్మిక పుస్తకాల చదువు

జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శన నుంచి సంచి నింపుకుని బయటకొచ్చేవాళ్లలో ఒక రకం పాఠకులు ఏటా కనిపిస్తారు. సంచిలో ‘ఒక యోగి ఆత్మకథ’ ఉంటుంది, పక్కనే ధమ్మపదం, రమణ మహర్షి ‘నేనెవడను?’, జిడ్డు కృష్ణమూర్తి ప్రసంగాలు. నాలుగూ మంచి పుస్తకాలే. కాకపోతే ఒకదానితో ఒకదానికి పడదు. మొదటిది గురువు లేనిదే పని జరగదంటుంది, చివరిది గురువే అడ్డమంటుంది. ఒకటి ఆత్మను వెతుక్కోమంటుంది, మరొకటి ఆత్మ అని పట్టుకోదగ్గది ఏదీ లేదంటుంది. అయినా చదివే మనిషి నాలుగింట్లోనూ ఒకే పెన్సిల్‌తో గీతలు గీస్తాడు, నాలుగింటికీ ఒకేలా తలూపుతాడు.

ఇలా తలూపడానికి ఒక సిద్ధాంతం అండగా ఉంది. మతాలు వేరైనా, అనుభవం దాకా వెళ్లినవాళ్లంతా చెప్పేది ఒకటే అన్నది దాని సారాంశం. 1945లో ఆంగ్ల రచయిత ఆల్డస్ హక్స్‌లీ ఈ మాట మీద ఒక పుస్తకమే రాశాడు. రామకృష్ణ పరమహంస పేరు చెప్పుకుని పెరిగిన మనకు అది కొత్తగా అనిపించదు కూడా. అంతకుముందే, 1902లో, అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ మార్మిక అనుభవానికి నాలుగు గుర్తులు చెప్పాడు: అది మాటలకు అందదు, ఏదో తెలిసిందన్న గట్టి భావన ఇస్తుంది, ఎక్కువసేపు నిలవదు, మనం తెచ్చుకున్నట్టు కాక దానంతటదే వచ్చినట్టు ఉంటుంది. ఈ నాలుగూ సూఫీకి, సన్యాసికి, క్రైస్తవ సాధువుకి సరిపోతాయి. 1978లో స్టీవెన్ కాట్జ్ అనే పండితుడు దీనికి ఎదురు తిరిగాడు. ఏ సంప్రదాయంలో పెరిగినవాడికి ఆ సంప్రదాయపు అనుభవమే వస్తుంది, ముందు ఒక అనుభవం కలిగి తర్వాత దానికి మతం రంగు పూసుకోవడం జరగదు అన్నది అతని వాదన. ఆ చర్చ ఇంకా తెగలేదు. పాఠకుడి వైపు నుంచి చూస్తే మాత్రం ‘అన్నీ ఒకటే’ అన్న మాటతో ఒక ఇబ్బంది ఉంది. అది పెద్ద మనసులా కనిపిస్తూనే పుస్తకాన్ని సరిగ్గా చదవాల్సిన అవసరం లేకుండా చేస్తుంది.

పైన చెప్పిన సంచిలోంచే రెండు పుస్తకాలు తీసి పక్కపక్కన పెడితే సంగతి తెలుస్తుంది. 1902 ప్రాంతంలో శివప్రకాశం పిళ్లై అడిగిన ప్రశ్నలకు, అప్పట్లో మాట్లాడకుండా ఉంటున్న రమణులు సైగలతోనూ రాతతోనూ ఇచ్చిన జవాబులే తర్వాత ‘నేనెవడను?’ అయ్యాయి. అందులో మొదట్లోనే ఒక వరుస వస్తుంది. సప్తధాతువులతో అయిన ఈ దేహం నేను కాదు, జ్ఞానేంద్రియాలు నేను కాదు, కర్మేంద్రియాలు కాదు, ప్రాణాలు కాదు, ఆలోచించే మనసూ కాదు. ఇక బుద్ధుడు సారనాథ్‌లో ఐదుగురు భిక్షువులకు చేసిన రెండో ప్రసంగం, అనత్తలక్ఖణ సుత్తం. అక్కడా ఇలాంటి వరుసే. రూపం, వేదన (అంటే అనుభూతి), సంజ్ఞ (గుర్తుపట్టడం), సంస్కారాలు (మనసులో లేచే సంకల్పాలు) ఒక్కొక్కటీ తీసుకుని ‘ఇది నాది కాదు, ఇది నేను కాదు, ఇది నా ఆత్మ కాదు’ అని చూడమంటాడు. ఇక్కడిదాకా రెండూ ఒకే దారిలో నడుస్తున్నట్టే ఉంటాయి. చివరి మెట్టు దగ్గర విడిపోతాయి. అన్నిటినీ కాదనుకున్నాక మిగిలిన ఎరుకే నేను అంటుంది రమణుల పుస్తకం. బుద్ధుడి జాబితాలో ఐదోది విజ్ఞానం, అంటే తెలుసుకునే ఆ తెలివిడి. దాన్నీ కాదనే అంటాడు, మిగిలింది నేను అని ఎక్కడా అనడు. ఆ విజ్ఞానం వేరు, మా చైతన్యం వేరు అని వేదాంతులు జవాబు చెబుతారు. దానికి బౌద్ధులు తిరిగి జవాబు చెప్పారు. ఈ దేశంలో కొన్ని వందల ఏళ్లు నడిచిన వాదం అది. ‘రెండూ ఒకటే కదా’ అనేసుకున్న పాఠకుడికి ఇంత పెద్ద గొడవ జరిగిందనే తెలియదు.

ఎవరు ఒప్పు అన్నది వేరే చర్చ. చదివేటప్పుడు ముందుగా తేలాల్సింది ఇంకోటుంది: ఆ మాట ఎవరితో అన్నారు, ఏ సందర్భంలో అన్నారు? ఇది పట్టించుకోకపోతే ఎలా ఉంటుందో తెలియాలంటే కాలామ సుత్తం గతి చూడాలి. ‘ఎవరు చెప్పినా, ఎక్కడ రాసున్నా, నేను చెప్పినా సరే, నీ సొంత బుద్ధికి నచ్చితే తప్ప నమ్మకు’ అంటూ బుద్ధుడి బొమ్మతో వాట్సాప్‌లో తిరిగే మాట ఈ సుత్తం పేరు మీదే చెలామణీ అవుతోంది. హేతువాదులకు ఇష్టం, మోటివేషన్ స్పీకర్లకు ఇష్టం. బుద్ధుడి ప్రసంగాల పాళీ సంకలనాల్లో ఒకటైన అంగుత్తర నికాయంలో ఉన్న అసలు సుత్తంలో మాత్రం ఆ చివరి ముక్క లేదు. నిజానికి దానికి దాదాపు విరుద్ధంగా ఉంది.

కోసల దేశంలో కేసపుత్త అనే ఊరు. అక్కడి కాలాములు బుద్ధుడి శిష్యులు కాదు. ఊరికి వచ్చిన ప్రతి సన్యాసీ తన మతాన్ని పొగుడుకుని మిగతావాళ్లను తిట్టిపోతుంటే ఎవర్ని నమ్మాలో తెలియక విసిగిపోయినవాళ్లు. వాళ్లకు ఆయన పది రకాల ఆధారాల మీద వాలిపోవద్దని చెబుతాడు. ఆ నోటా ఈ నోటా విన్నదని, పరంపరగా వస్తోందని, అందరూ అనుకుంటున్నారని, గ్రంథంలో ఉందని నమ్మొద్దు. ఈ నాలుగూ అందరికీ తెలుసు. తర్వాతివి ఎవరూ పోస్టర్ మీద వేయరు: తర్కానికి నిలుస్తోందని, ఊహకు అందుతోందని, కారణాలు సబబుగా ఉన్నాయని, ఇంతకుముందే ఆలోచించి పెట్టుకున్న మన అభిప్రాయంతో కుదురుతోందని కూడా నమ్మొద్దు. ఆ తర్వాత, చెప్పేవాడు యోగ్యుడిలా కనిపిస్తున్నాడని గానీ, మా గురువుగారు అని గానీ నమ్మొద్దు. మరి దేన్ని నమ్మాలి? ఏది ఆచరిస్తే కీడు జరుగుతుందో, ఏది మేలు చేస్తుందో, వివేకులు దేన్ని తప్పు పడతారో స్వయంగా తెలుసుకుని వదలాల్సింది వదలండి అంటాడు. అంటే సొంత బుద్ధికి పూర్తి అధికారం ఇక్కడ లేదు. వివేకుల మాటకూ చోటుంది, పరీక్ష మాత్రం ఆచరణలో జరగాలి.

ఆ పదింట్లో ఎనిమిదోది, మన అభిప్రాయానికి సరిపోతోంది కాబట్టి నిజం అనుకోవడం, పుస్తకాలు చదివేవాళ్లకు అన్నిటికన్నా ఎక్కువగా తగులుతుంది. పెన్సిల్ గీతలు పడేది సాధారణంగా అక్కడే. ఇదివరకే అనుకుంటున్నది అచ్చులో కనబడగానే ‘ఎంత బాగా చెప్పాడు’ అనిపిస్తుంది. కొత్తగా తెలిసింది ఏమీ ఉండదు.

ఈ విషయంలో పాళీ గ్రంథాలు మొహమాటపడవు. మజ్ఝిమ నికాయంలో 22వ సుత్తం, అలగద్దూపమ, మొదలయ్యేదే ఈ జబ్బుతో. అరిట్ఠుడనే భిక్షువు బుద్ధుడి బోధకు తనకు అనుకూలమైన అర్థం చెప్పుకుని తిరుగుతుంటాడు. తోటి భిక్షువులు చెప్పినా వినడు. అప్పుడు బుద్ధుడు అంటాడు: కొందరు సుత్తాలు, గాథలు, జాతకాలు అన్నీ వల్లెవేస్తారు, కానీ ఎదుటివాణ్ణి తప్పుపట్టడానికి, వాదంలో నెగ్గడానికి మాత్రమే నేర్చుకుంటారు. పాములు పట్టేవాడు పామును నడుం దగ్గరో తోక దగ్గరో పట్టుకుంటే అది వెనక్కి తిరిగి కాటేస్తుంది. చీలిక కర్రతో అదిమి మెడ దగ్గర పట్టుకుంటే ఏమీ చేయలేదు. తప్పు పాముది కాదు, పట్టులో ఉంది. ఫేస్‌బుక్‌లో అద్వైతం మీదా బౌద్ధుల శూన్యవాదం మీదా జరిగే కొట్లాటలు చూసినవాళ్లకు అరిట్ఠుడు కొత్త మనిషి అనిపించడు. ‘చదువులలో మర్మమెల్ల చదివితి తండ్రీ’ అన్న పోతన ప్రహ్లాదుడు ఆ మాట ఎంత తేలిగ్గా అన్నాడో, చదివినదాంతో ఎదుటివాడి నోరు మూయించాలనుకునేవాడికి అది అంత దూరం.

ఉత్సాహంగా త్రిపిటకం, అంటే బౌద్ధుల మూల గ్రంథాలు, మొదలుపెట్టినవాళ్లు సగంలో ఎందుకు వదిలేస్తారన్నది వేరే సంగతి. చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పడం అందుకు పెద్ద కారణం. ఒక పేరా కన్ను గురించి, అదే పేరా చెవి గురించి, అదే ముక్కు, నాలుక, ఒళ్లు, మనసు గురించి. ‘మిగతాదంతా పైన చెప్పినట్టే’ అని పాళీలో ఒక చిన్న గుర్తు పెట్టి దాటేసిన చోట్లు కూడా బోలెడు. ఇవి మొదట కాగితం మీద పుట్టినవి కావు. శ్రీలంకలో క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో తాటాకులకు ఎక్కేదాకా వందల ఏళ్లు నోటిలోనే బతికాయి. వల్లెవేసే పని కొన్ని బృందాలు పంచుకున్నాయి. ఆ ఏర్పాటు మన నేల మీద కూడా ఉండేది. నాగార్జునకొండలో 3వ శతాబ్దపు ఇక్ష్వాకుల నాటి శాసనం ఒకటి దీఘ, మజ్ఝిమ నికాయాలను వల్లించే ఆచార్యులను పేర్కొంటుంది. బుద్ధఘోషుడు 5వ శతాబ్దంలో శ్రీలంకలో వ్యాఖ్యానాలు రాసేటప్పుడు ముందున్న పాత వ్యాఖ్యల్లో ‘అంధక అట్ఠకథ’ కూడా ఉంది. పేరును బట్టి చూస్తే అది ఆంధ్ర ప్రాంతపు భిక్షువులదే. కంటితో గబగబా చదివితే విసుగు పుట్టించే ఆ పునరుక్తి, పైకి చదివినప్పుడు వేరే పని చేస్తుంది. ఆరో ఇంద్రియం దగ్గరికి వచ్చేసరికి వినేవాడే వాక్యాన్ని పూరిస్తుంటాడు. భజనలో చరణం తిరిగి తిరిగి వస్తే విసుక్కోని మనిషి సుత్తంలో విసుక్కోవడానికి కారణం, అది పుస్తకంలా కనిపించడమే.

తెలుగు పాఠకుడి ఇంటికి బుద్ధుడు వచ్చిన దారులు కూడా చూడాలి. ఎడ్విన్ ఆర్నాల్డ్ 1879లో రాసిన ఆంగ్ల కావ్యం ఆధారంగా తిరుపతి వేంకట కవులు బుద్ధచరిత్రము రాశారు. అది కావ్య బుద్ధుడు: రథం, ముసలివాడు, రోగి, శవం, సన్యాసి, నిద్రపోతున్న యశోధర. పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నదీ ఈయన్నే. రెండో దారి ఎర్ర జెండాల వైపు నుంచి. భిక్షువుగా ఉండి తర్వాత కమ్యూనిస్టు అయిన రాహుల్ సాంకృత్యాయన్ తెలుగులో బాగా చదివించుకున్నాడు, ఆయన చూపించింది కులాన్ని ప్రశ్నించిన బుద్ధుణ్ణి. మూడో దారి అంబేడ్కర్. 1907లో మెట్రిక్ పాసైనప్పుడు కేలుస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను మరాఠీలో రాసిన బుద్ధుడి జీవితచరిత్రను ఆ కుర్రాడికి బహుమతిగా ఇచ్చాడు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధ దీక్ష. ఆయన రాసిన ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ ఆయన పోయాక 1957లో వచ్చింది.

ఆ పుస్తకం చదివి చాలామంది ఉలిక్కిపడేది మొదటి భాగంలోనే. రథం కథ ఆయన ఒప్పుకోడు. ఇరవై తొమ్మిదేళ్ల మనిషి అప్పటిదాకా ముసలివాణ్ణి చూడలేదంటే నమ్మేదెలా అని అడుగుతాడు. దానికి బదులు రోహిణీ నది నీళ్ల కోసం శాక్యులకూ కోలియులకూ వచ్చిన తగాదా పెడతాడు. యుద్ధం వద్దన్న సిద్ధార్థుడు శాక్య సంఘం తీర్మానాన్ని ఎదిరించి, దాని ఫలితంగా ఇల్లు వదులుతాడు. ఇది మూలాన్ని మార్చేయడం కదా అని కొందరి ఫిర్యాదు. మూలం తెరిచి చూస్తే కథ ఇంకోలా ఉంటుంది. మజ్ఝిమ నికాయం 26వ సుత్తంలో బుద్ధుడే తన గృహత్యాగం గురించి చెబుతాడు: నల్లని జుట్టున్న వయసులో, అమ్మానాన్న కన్నీళ్లతో వద్దంటున్నా, తలా గడ్డం గొరిగించుకుని కాషాయం కట్టి బయల్దేరానని. రథం లేదు, అర్ధరాత్రి లేదు, యశోధర లేదు. నాలుగు దృశ్యాల కథ దీఘ నికాయంలో ఉంది, అయితే అక్కడ అది గౌతముడిది కాదు, విపస్సి అనే పూర్వ బుద్ధుడిది. ఇంకా పాతదని చెప్పుకునే సుత్తనిపాతంలో ఒక చోట, కొద్ది నీళ్లలో చేపల్లా కొట్టుకుంటూ ఒకరితో ఒకరు పోరాడుతున్న జనాన్ని చూసి నాకు భయం వేసింది అంటాడాయన. నదీజలాల తగాదా ఆ మాటకు దూరమేమీ కాదు. ఎవరి బుద్ధుడు ‘అసలు’ బుద్ధుడన్న వాదంలో కావ్యం చదివినవాళ్లకు ఉన్నంత ధీమా సుత్తాలు చదివినవాళ్లకు ఉండదు.

అంబేడ్కర్ ఆ పుస్తకాన్ని ఎవరి కోసం రాశాడన్నది దాచలేదు. అంటరానితనం నుంచి బయటపడుతున్న లక్షలాది మందికి చేతిలో పెట్టడానికి ఒక గ్రంథం కావాలి. అందుకే దుఃఖానికి కారణం పూర్వజన్మ కర్మ అన్న వివరణ ఆయనకు పనికిరాదు. పండితుల కోసం రాసిన పుస్తకంలా చదివి అందులో తప్పులు లెక్కపెట్టేవాళ్లు, అది ఎవరితో మాట్లాడుతోందో చూడరు.

మార్మికుల పుస్తకాలకు వచ్చేసరికి ఈ సంగతి మరీ ముదురుతుంది. 14వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో పేరు చెప్పుకోని ఒక క్రైస్తవ సాధకుడు ‘తెలియనితనపు మేఘం’ గురించి రాసిన పుస్తకం, ముందుమాటలోనే పాఠకుణ్ణి గుమ్మం దగ్గర ఆపుతుంది. ఊరికే కుతూహలంతో చూసేవాళ్లు, కబుర్లరాయుళ్లు, ఎంత చదువుకున్నవాళ్లయినా సరే, దీని జోలికి రావొద్దంటాడు. చదివేవాడు మొదటినుంచి చివరిదాకా చదవాలి, ముక్క చదివి వదిలేస్తే పొరబడతాడు అంటాడు. కొటేషన్ల కాలంలో ఈ షరతు ఎవరు పాటిస్తారు? సూఫీ కవి రూమీకి జరిగింది అదే. పాతిక వేల ద్విపదల మస్నవీ రాసిన ఆయన, ఖురాన్ వాక్యాలు పంక్తి పంక్తికీ తగిలే 13వ శతాబ్దపు ఇస్లామిక్ పండితుడు. పారశీకం రాని కోల్‌మన్ బార్క్స్ పాత ఆంగ్ల అనువాదాలను తిరగరాసి 1995లో తెచ్చిన సంకలనం అమెరికాలో విపరీతంగా అమ్ముడుపోయింది. అందులో ప్రేమ మిగిలింది, మతం చాలావరకు రాలిపోయింది. ఇన్‌స్టాగ్రామ్‌లో మనవాళ్లు పంచుకునే రూమీ చాలావరకు ఈ సంకలనంలోని రూమీయే.

చదువు వద్దన్నవాళ్ల పుస్తకాలే ఎక్కువగా చదువుతున్నామన్నది ఇందులో తమాషా. ‘నేనెవడను?’లో రమణులు సూటిగానే చెప్పారు: మనసును అణచమనే అన్ని గ్రంథాలూ చెబుతున్నాయి, ఆ సంగతి తెలిశాక అంతులేకుండా గ్రంథాలు చదువుతూ పోవడం వల్ల ఉపయోగం లేదు, తనను తాను పంచకోశాల, అంటే తనను కప్పి ఉన్న ఐదు పొరల, లోపల వెతకాలి, గ్రంథాలు వాటికి బయట ఉన్నాయి. మదనపల్లెలో పుట్టిన కృష్ణమూర్తి 1929లో హాలెండ్‌లోని ఓమెన్‌లో తన కోసం కట్టిన సంస్థనే రద్దు చేసి, తనకు అనుచరులు అక్కర్లేదన్నాడు. ఆపైన 1986లో పోయేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు, ఆ మాటలు పుస్తకాలుగా వస్తూనే ఉన్నాయి. చైనాలో 9వ శతాబ్దపు జెన్ గురువు దెషాన్ మహాయాన బౌద్ధ గ్రంథమైన వజ్రచ్ఛేదిక సూత్రం మీద తను మోసుకు తిరిగిన వ్యాఖ్యానాలన్నీ మఠం ముందు తగలబెట్టాడని కథ. ఆయన చనిపోయిన మూడేళ్లకే, 868లో, వాంగ్ జీ అనే మనిషి తల్లిదండ్రుల పుణ్యం కోసం అదే సూత్రాన్ని అచ్చు వేయించాడు. తేదీతో దొరికిన అచ్చు పుస్తకాల్లో ప్రపంచంలో అదే పాతది. తగలబెట్టిన దెషాన్‌దీ తప్పు కాదు, అచ్చు వేయించిన వాంగ్ జీదీ తప్పు కాదు. దెషాన్ ఆ వ్యాఖ్యానాలను ఏళ్ల తరబడి నూరిపోసుకున్నవాడు. చదవకముందే తగలబెట్టే హక్కు ఎవరికీ రాలేదు.

సాధన చేసేవాళ్ల దగ్గర ఈ తూకం ఇంకోలా ఉంటుంది. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీదున్న ధమ్మఖేత్తలో, గోయెంకా పద్ధతిలో జరిగే మిగతా విపశ్యన ధ్యాన కేంద్రాల్లో కూడా, పది రోజుల కోర్సులో చదవడం, రాయడం రెండూ నిషేధమే. ఫోన్‌తో పాటు పుస్తకాలూ అప్పగించాలి. కారణం సులువుగానే అర్థమవుతుంది. బుద్ధఘోషుడి గ్రంథం విశుద్ధిమగ్గంలో ధ్యానపు దశల వర్ణన చదివి కూర్చున్నవాడు ఊపిరిని కాదు, రాబోయే వెలుగును కాచుకుని కూర్చుంటాడు. రాకపోతే టెన్షన్. ఏదో మెరిసినట్టుంటే ఇంకా టెన్షన్, ఇది ఫలానా దశేనా అని. బుద్ధఘోషుడు ఆ వర్ణనలు రాసింది మఠంలో, ఆచార్యుడి కనుసన్నల్లో ఏళ్లు గడిపే భిక్షువుల కోసం. రాత్రి పదకొండింటికి ఆఫీసు నుంచి వచ్చి మంచం మీద చదివే మనిషిని ఊహించి కాదు. అలాగే, 1578లో టొలెడో చెర నుంచి తప్పించుకున్న సెయింట్ జాన్ ఆఫ్ ది క్రాస్ రాసిన చీకటి రాత్రి కవిత ప్రార్థనలో ముదిరిన సన్యాసుల అవస్థ గురించి. నిద్ర పట్టక, తిండి సయించక, దేని మీదా మనసు నిలవక నెలలు గడుస్తున్నవాళ్లు దాన్ని చదివి ‘నాది ఆధ్యాత్మిక దశే’ అని సరిపెట్టుకోవడం ప్రమాదం. వాళ్లు ముందు కలవాల్సింది డాక్టర్‌ని.

సంసారంలో ఉన్నవాడి కోసం రాసిన బౌద్ధ గ్రంథం లేదా అంటే ఉంది, అదీ మన దగ్గరిదే. ఆచార్య నాగార్జునుడు సాతవాహన రాజుకు ఉత్తరంగా రాసినట్టు చెప్పుకునే సుహృల్లేఖ. ఆయన శూన్యవాదపు కారికలతో (తాత్విక పద్యాలతో) బుర్ర వేడెక్కించుకున్నవాళ్లకు కూడా ఈ ఉత్తరం సంగతి తెలియకపోవడం విచిత్రం. టిబెటన్ అనువాదంలో 123 పద్యాలు, గంటలోపు అయిపోతుంది. 7వ శతాబ్దంలో భారతదేశం వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, ఇక్కడి విద్యార్థులు చదువు మొదట్లోనే దీన్ని నేర్చుకుంటారని రాశాడు. లాభం-నష్టం, సుఖం-దుఃఖం, కీర్తి-అపకీర్తి, నింద-స్తుతి ఈ ఎనిమిదింటినీ సమంగా చూడమంటుంది. తిండిని మందులా తినమంటుంది. నరకాల వర్ణన వచ్చేసరికి ఇప్పటివాళ్లు పేజీలు తిప్పేస్తారు, తిప్పినా ఆ ఉత్తరం ఏమీ అనుకోదు. చివర్లో నాగార్జునుడే రాజుకు ఒక వెసులుబాటు ఇస్తాడు: ఇంతవరకు చెప్పిందంతా పూర్తిగా చేయడం భిక్షువుకే కష్టం, నువ్వు ఇందులో నీకు చేతనైనవి పట్టుకో అని.